పై పొర

మదురై బస్సెక్కినప్పటి నుంచీ నా మనసు నిలకడగా లేదు. ల్యాబులో పెంచుతున్న మనిషి చర్మం ఈసారి కూడా సరిగా రాలేదు. పై పొరలో కొవ్వులు సరైన పాళ్లలో కుదరక లోపలి తేమంతా పోతోంది. ఫోనులో అమ్మకు అదే చెబుతుంటే పక్క సీటులోని పెద్దావిడ నావైపు తిరిగింది.

“తెలుగా, కన్నూ? నా చేతులూ అంతే. ఇరవై వరుషం వీధుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లితిని. ఏది తాకినా మంటే, రొంబ ఎరిచ్చల్.”

నేను ల్యాబులో నిలబెట్టలేకపోతున్న పొరే ఆమె అరచేతుల్లో పగిలి, అరిగిపోయి ఉంది. చూద్దామని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వబోయి ఆగింది.

“ఏ ఊరు? ఎవరింటి బిడ్డ?”

మా ఊరి పేరూ, తాతగారి మిల్లు పేరూ చెప్పాను. ఆమె చేతులు చీరలోకి పోయాయి.

“అయ్యో, ఆ ఇంటివాళ్లా మీరు! వేండాం అమ్మా, తాకవద్దు.”

నేను వాడే క్రీము ట్యూబు తీసి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు. మా పెరటి గుమ్మం దగ్గర పనివాళ్లు పట్టినట్టే కొంగు పట్టింది.

ఆమె చేతిలోనే పెట్టి ఉండాల్సింది. ఇప్పుడు ల్యాబులో గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు రోజూ అదే అనుకుంటాను. ఆవేళ మాత్రం, ఎప్పటినుంచో అలవాటున్నట్టు, ఆ కొంగులోకి జారవిడిచాను.