పరుగు మేస్త్రి, ఏడో సీటు అద్దం

మా బావమరిదికి ఒకటే జబ్బు. ఎక్కడ చప్పుడైనా కూర్చున్నచోట ఉండడు, లేచి పరుగెత్తుతాడు. నేను బస్సు డ్రైవరును, అతను మా డిపోలోనే మెకానిక్కు. డిపోలో అందరూ అతన్ని పరుగు మేస్త్రి అనేవాళ్లు.

నా సంగతి నేనే చెప్పుకోవాలి, ఇతరులు చెబితే సగం మర్చిపోతారు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయినా పాతికేళ్ల సర్వీసులో నా బండి వల్ల కోడిపిల్లకు కూడా గీత పడలేదు. నేను గేరు మారిస్తే తల్లి ఒళ్లో బిడ్డ కళ్లు తెరిచేది కాదు.

ఓ మధ్యాహ్నం మేస్త్రి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మా ఆవిడ, అంటే వాడి అక్క, వంటింట్లో మిక్సీ వేసింది. అలమరలోని ఆరు గాజుగ్లాసుల్లో ఒక్కటే జుమ్మంది. మేస్త్రి ఎంగిలిచేత్తో అటు దూకాడు.

"ఒరేయ్, అన్నం ముందునుంచి లేస్తావేంట్రా?"

"గ్లాసు పలుకుతోంది బావా! మిక్సీ ఊపూ దాని సొంత ఊపూ కలిశాయి. అనునాదం!"

తిరిగొచ్చి ముద్ద కలిపాడో లేదో, వీధిలో అంబులెన్సు. చెప్పుల్లేకుండా దాని వెంట పడ్డాడు. కాసేపటికి రొప్పుతూ వచ్చాడు.

"వచ్చేటప్పుడు సన్నగా, పోయేటప్పుడు బొంగురుగా! ఇది డాప్లరు. అది వేరు, ఇది వేరు!"

"రెండింటికీ చల్లారింది నీ అన్నమేగా, కూర్చో" అంది వాళ్లక్క.

మా డిపోలో పాతికేళ్లు ఒక్క ఫిర్యాదూ రాని డ్రైవరుకు పటం కట్టిన ప్రశంసాపత్రం ఇస్తారు. అప్పటిదాకా ఎవరికీ రాలేదు. నాకు పాతికేళ్లు నిండడానికి ఇంకో పదిరోజులు ఉన్నాయనగా ఒకేసారి రెండు ఉత్తరాలు ఊడిపడ్డాయి. నా రూట్లో ఓ సందు మొదట్లో కొట్టున్న దర్జీ రాసింది ఒకటి: డ్రైవరు నా కొట్టు దగ్గర హారను గొంతు మార్చి వెక్కిరిస్తున్నాడు. ఇంకొకటి ఏడో సీటు ప్రయాణికుడిది: బండిని ఇష్టమొచ్చినట్టు తోలితే కిటికీ అద్దం దడదడలాడుతోంది.

మేనేజరు రెండూ బల్లమీద పెట్టాడు. "రెండూ చప్పుళ్లే. చేసింది మీరే. పత్రం మాట మర్చిపోండి."

అంతలో మేస్త్రి తలుపు తోసుకొచ్చాడు. "ఒకే గాట కట్టకండి సార్! ఒకటి బయటివాడి చెవిలో పుట్టింది, ఇంకొకటి లోపలి అద్దంలో పుట్టింది. బండెక్కండి, చూపిస్తా!"

దర్జీని కూడా పిలిపించి నా పక్కన, మేనేజరును ఏడో సీట్లో కూర్చోబెట్టాడు. తను మాత్రం ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉన్నాడు. దర్జీ కొట్టు దాటేదాకా హారను మీద వేలు తియ్యలేదు నేను.

"ఇవాళ మారలేదేం?" అన్నాడు దర్జీ.

"హారనుతోపాటు నువ్వూ వస్తున్నావుగా! నువ్వు కొట్లో ఉంటే, బండి మీదికొచ్చేటప్పుడు అలలు ఒత్తుగా చెవిలో పడతాయి, సన్నగా వినిపిస్తుంది. దాటిపోతే ఎడంగా పడతాయి, బొంగురు. మా బావ నొక్కుడు ఎప్పుడూ ఒకటే."

దర్జీ నాలిక్కరుచుకున్నాడు.

"ఇప్పుడు నలభైకి రా బావా."

నలభైకి రాగానే ఏడో సీటు అద్దం పూనకం వచ్చినట్టు ఊగింది. "ఇదిగో! ఇంకా తోలితే పగులుతుంది!" అని కేకేశాడు మేనేజరు.

"యాభైకి పో బావా."

"పగిలితే నా పత్రం పోతుందిరా!"

"పొమ్మంటే!"

ప్రాణాలు ఉగ్గబట్టుకుని తొక్కాను. యాభై దగ్గర అద్దం గప్‌చిప్.

"వేగానికి మోగడం లేదు సార్. నలభై దగ్గర ఇంజను కుదుపు దాని సొంత ఊపుతో కలుస్తోంది. ఉయ్యాలను వేళకి తోస్తేనే కదా పైకి లేచేది? తప్పు డ్రైవరుది కాదు, అద్దం చుట్టూ అరిగిన రబ్బరుది."

మేనేజరు రెండు ఉత్తరాలూ కొట్టిపారేశాడు.

పత్రం ఇచ్చే రోజున అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి కుర్చీ మాత్రం ఖాళీ. వెతికితే నా బస్సులోనే ఉన్నాడు, ఒళ్లో సంచి, సంచి నిండా పాత ట్యూబు ముక్కలు. ఒక్కో అద్దాన్ని తట్టి, వదులైనచోట ముక్క దోపుతున్నాడు. చూస్తే ప్రతి కిటికీకీ అరిగిపోయిన పాత ముక్కలున్నాయి.

"ఎన్నాళ్లనుంచిరా?"

"నువ్వు డ్యూటీలో చేరినప్పటినుంచి. ఏ బండి ఇస్తే ఆ బండికి, నువ్వు రాకముందే."

"మరి ఏడో సీటు?"

తల గోక్కున్నాడు. "ఆ వారం జ్వరమొచ్చి పడుకున్నా బావా."

పాతికేళ్లుగా నా చేతి నేర్పు అనుకున్నదంతా వీడి ట్యూబు ముక్కలు! పత్రం వాడి చేతిలో పెట్టాను. వాడు పేరు కూడా చదవలేదు. పటం అద్దాన్ని వేలితో తట్టి, "వదులుగా ఉంది" అని చిన్న ముక్క దోపి నాకే ఇచ్చేశాడు.

ఇప్పుడది మా ఇంటి గోడమీద ఉంది. మిక్సీ ఎంత తిరిగినా కిమ్మనదు. దాని గురించి మోగేది నేనొక్కణ్ణే.