నాటిన జుట్టు నిలిచింది, మిగతాది నిలవలేదు

ఆపరేషన్ అయిన పదో రోజు పొద్దున లేవబోతే దిండు కూడా నా తలతో పాటు పైకి లేచింది. కవరు తల వెనక భాగానికి అంటుకుపోయింది. కొద్దిగా లాగితే కళ్లు బైర్లు కమ్మాయి. అక్కను పిలిచాను. లత అక్క చేతికి పిండి అలాగే ఉండగా వచ్చి చూసింది.

"జర ఆగు తమ్మీ, గుంజకు," అని గోరువెచ్చని నీళ్లతో తడుపుతూ మెల్లగా విడదీసింది. తరువాత వంగి దగ్గరగా చూసింది.

"ఏమైందక్కా?"

"నల్లగైంది. వాసన గూడ వస్తుంది. గిది మానే పుండు లెక్క లేదు."

మొదటి లాక్‌డౌన్ మొదలై అప్పటికి నాలుగు రోజులు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అమ్మానాన్నలు లేరు. సూరత్‌లో, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే గోడాదరాలో, అక్కాబావల దగ్గరే పెరిగాను. బావ పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తారు. నేను చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్‌ని. డిగ్రీ అయినప్పటి నుంచే నా నుదుటి పైన జుట్టు పలచబడుతూ వచ్చింది. పెళ్లిచూపుల్లో ఒక అమ్మాయి మేనమామ నా వయసు అడిగాడు. చెప్పాను. కాసేపయ్యాక మళ్లీ అడిగాడు. ఆ రెండోసారి అడగడం నాలో ముల్లులా ఉండిపోయింది.

ఫోన్‌లో ప్రకటన చూసి, ఎవరికీ చెప్పకుండా ఒక హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌కు వెళ్లాను. "నాటిన జుట్టు జీవితాంతం ఉంటుంది," అన్నారు అక్కడి డాక్టర్. అది అబద్ధం కాదు. కానీ నా జుట్టంతా జీవితాంతం ఉంటుందని నేను విన్నాను. ఆయన నుదుటి మీద పెన్నుతో గీత గీస్తుంటే ఇంకొంచెం కిందికి గీయమని అడిగింది కూడా నేనే. ఆయన కాదనలేదు.

ఆపరేషన్ రోజు ఆయన మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి వెళ్లిపోయారు. మిగతా పనంతా ఇద్దరు టెక్నీషియన్లు చేశారు. తల వెనక భాగాన్ని డోనర్ ఏరియా అంటారు. అక్కడి నుంచి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి ముందువైపు నాటారు. వాటిని గ్రాఫ్టులంటారు. ఎన్ని తీస్తున్నారో నేను అడగలేదు. సిగరెట్ తాగుతావా అని వాళ్లూ నన్ను అడగలేదు.

కట్టుతో ఇంటికి వచ్చాకే అక్కకు తెలిసింది. ఒక రోజంతా తిట్టింది. తరువాత తనే మందులు సమయానికి ఇస్తూ వచ్చింది.

దిండు అంటుకున్న రోజు క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డాక్టర్ వాట్సాప్‌కు ఫోటో పంపాను. "నార్మల్ హై, స్కాబ్ హై," అని జవాబు వచ్చింది. పుండు పక్కు కట్టింది, అంతే, అని అర్థం. మరునాటికి జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరం అన్న మాట పైకి అనడానికే భయం. పక్కింటివాళ్లకు తెలిస్తే కరోనా అని తీసుకెళ్లిపోతారేమోనని అక్క కిటికీ తలుపులు వేసేసింది. గది ఉక్కపోతతో నిండిపోయింది. నా తల వాసన నాకే వస్తోంది.

మూడో రోజుకు బావ ఆగలేకపోయారు. "కరోనా అంటే అననీ. ఈ పోరడు గిట్లనే ఉంటే చచ్చిపోతడు," అని బండి తీశారు. చౌరస్తాలో పోలీసు ఆపాడు. బావ నా తలకు చుట్టిన తువ్వాలు విప్పి చూపించారు. ఆ పోలీసు రెండడుగులు వెనక్కి వేసి, చేత్తో పొమ్మన్నాడు.

ప్రభుత్వ ఆసుపత్రిలో జ్వరం ఉన్నవాళ్లది వేరే వరుస. కరోనా లేదని తేలాకే సర్జన్ దగ్గరికి పంపారు. ఆయన మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపించాయి. హిందీలో అడిగారు: "ఇది ఎవరు చేశారు?"

చెప్పాను.

"డోనర్ ఏరియా నెక్రోసిస్. అంటే చర్మం చచ్చిపోయింది. మరీ దగ్గరదగ్గరగా తీశారు, రక్తం అందలేదు. దాని మీద ఇన్ఫెక్షన్ వచ్చింది. సిగరెట్ తాగుతావా?"

"తాగుతాను సార్."

"అది కూడా కారణమే," అన్నారు.

చచ్చిన చర్మం కోసి తీసేశారు. దాన్ని డీబ్రైడ్‌మెంట్ అన్నారు. మంచాలన్నీ కరోనా రోగుల కోసం ఖాళీ చేయిస్తున్నారు కాబట్టి చేర్చుకోలేదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లకు రోజూ వెళ్లిరావాలి. ఒక నర్సు డ్రెస్సింగ్ ఎలా మార్చాలో అక్కకు రెండుసార్లు చూపించింది. ఆ తరువాత నెలన్నర పాటు అక్క రోజూ మార్చింది. మార్చినంతసేపూ నా భుజం మీద ఎడమ చెయ్యి వేసి ఉంచేది. బావ మిల్లు మూతబడింది, గల్లీలో సగం ఇళ్లవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు, అక్క మాత్రం నా పుండు గురించే ఆలోచించింది. నాకు సిగ్గుగా ఉండేది. లోకం ప్రాణాలకు భయపడుతుంటే నేను జుట్టు కోసం ఇంత తెచ్చుకున్నానని.

పుండు మానింది. తల వెనక రెండు మచ్చలు మిగిలాయి. అక్కడ వెంట్రుక మొలవదు, తాకినా స్పర్శ లేదు. ముందు నాటిన జుట్టు మొదట మొత్తం రాలిపోయింది. అది మామూలేనట. చలికాలం వచ్చేసరికి ఒత్తుగా మొలిచింది. అద్దంలో చూసుకుంటే నిజంగానే బాగుంది. వెనక జుట్టు పెంచి మచ్చలు కప్పేశాను.

ఆ మరుసటి ఏడాది మొదట్లో సూరత్‌లోనే, డిండోలిలో పుట్టి పెరిగిన స్రవంతితో నా పెళ్లి అయింది. ఆమెకు చెప్పమని అక్క రెండుసార్లు అంది. నేను చెప్పలేదు. అక్క నోరు కూడా కట్టేశాను.

రెండో వేవ్‌లో మా ఇద్దరికీ కరోనా వచ్చింది, తగ్గింది. రెండు నెలల తరువాత తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. నాటినవి కాదు, వాటి వెనక నడినెత్తి మీద నాకు పుట్టుకతో ఉన్నవి. కొన్నాళ్లకు ముందు ఒత్తుగా ఒక పట్టీ, దాని వెనక ఖాళీగా మెరిసే చర్మం కనిపించాయి. బట్టతల కన్నా అది ఎక్కువ వింతగా ఉండేది. అప్పటికి దుకాణంలో చీరలు వీడియో కాల్‌లోనే అమ్ముతున్నాం. చీర పరిచి చూపించడానికి వంగినప్పుడల్లా నా నడినెత్తి అవతలివాళ్లకు కనిపిస్తుందని తెలిసి చెమటలు పట్టేవి. వీడియో పని వేరేవాళ్లకు ఇచ్చి గోదాంలోకి వెళ్లిపోయాను.

మరో క్లినిక్ వాళ్లు గడ్డం వెంట్రుకలు తీసి నాటుతామన్నారు. భయపడి ఒప్పుకోలేదు. బదులుగా జుట్టు రాలకుండా ఆపే ఫినాస్టెరైడ్ గోలీలు ఎవరినీ అడగకుండా కొనుక్కుని వేసుకున్నాను. త్వరగా పనిచేయాలని, మామూలుగా వేసుకోవాల్సినదానికన్నా ఎక్కువే వేసుకున్నాను. కొన్ని వారాలకు మనసు మొద్దుబారింది. దేని మీదా ఆసక్తి లేదు. భార్య దగ్గరికి వెళ్లాలన్న కోరిక కూడా పోయింది. అది గోలీల వల్ల అని నాకు తట్టలేదు. నాలోనే ఏదో పోయిందనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం స్రవంతి గోలీల షీటు తెచ్చి నా ముందు పెట్టింది.

"గిదేంది?"

"విటమిన్లు."

"మెడికల్ షాపుల అడిగిన. జుట్టు గోలీ అన్నడు. జుట్టు గోలీ బీరువాల బట్టల కింద దాచుడెందుకు?"

నేను షీటు తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"డుమస్ బీచికి పోదామంటే గాలి అంటవ్. మా అక్కోళ్లింటికి రమ్మంటే తలనొప్పి అంటవ్. నా దిక్కు తిరిగి పండుకోవు. ఆర్నెల్ల సంది నేనేమనుకున్ననో తెల్సా? నీకు నేనే నచ్చలేదనుకున్న. మా అమ్మకు గూడ చెప్పలేదు."

ఆమె గొంతు పెంచలేదు. అదే తట్టుకోలేకపోయాను. వెనక జుట్టు పైకెత్తి మచ్చలు చూపించాను. మొదటి నుంచి అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు మచ్చలను చూసింది.

"దీనికి కోపం లేదు," అంది చివరికి. "చెప్పకుండ నన్ను గిట్ల ఏడిపిచ్చినవ్ సూడు, గది మర్చిపోవుడు కష్టం."

ఆ వారమే నన్ను మళ్లీ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కిన్ ఓపీలో ఒక మేడమ్ చిన్న యంత్రాన్ని తలకు ఆనించి ముందూ వెనకా చూశారు.

"ముందు నాటినవి ఉంటాయి. మధ్యలో నీ సొంతవి మెల్లగా పోతూనే ఉంటాయి. కరోనా దాన్ని తొందర చేసింది. సర్జరీ ఉన్న జుట్టును కాపాడదు బాబూ, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. ఇరవై ఆరేళ్లకు నీ బట్టతల ఎంతవరకు వెళ్తుందో ఎవరికీ తెలియదు. అందుకే ఆ వయసులో తొందరపడొద్దంటాం."

"మళ్లీ చేయించుకోవచ్చా?" అని అడిగాను.

"వెనక తీయడానికి ఏమీ మిగల్లేదు," అన్నారు.

గోలీల గురించి నేను నసుగుతుంటే స్రవంతే చెప్పింది. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదని, కొందరికి మాత్రం ఇలా అవుతుందని, డాక్టర్ చూసి ఇవ్వాల్సిన మందు అని మేడమ్ అన్నారు. ఆపేయించారు. మనసు సంగతి చూడమని సైకియాట్రీ ఓపీకి కూడా రాసిచ్చారు. అక్కడికీ వెళ్లాను. నెలలు పట్టింది. ఒకేసారి బాగవలేదు. బాగున్న వారం తరువాత బాగులేని వారం వచ్చేది. స్రవంతి కూడా వెంటనే మామూలు కాలేదు. నేను ఏదైనా మామూలు విషయం చెప్పినా, అది నిజమేనా అన్నట్టు నా ముఖం చూసేది. ఇప్పుడు ఆ చూపు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పలేను.

ఇప్పుడు జుట్టు మిషన్‌తో చాలా పొట్టిగా తీయించుకుంటున్నాను. ముందు పట్టీ, నడినెత్తి ఖాళీ, వెనక మచ్చలు అన్నీ కనిపిస్తాయి. ఎండాకాలంలో మచ్చల చుట్టూ మంట పుడుతుంది. గోదాం నుంచి మళ్లీ దుకాణం ముందుకు వచ్చాను. ఎవరైనా అడిగితే చెబుతాను. అడగకుండా చూసేవాళ్లు చూస్తారు. కొన్ని రోజులు పట్టించుకోను, కొన్ని రోజులు గట్టిగానే బాధపడతాను.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వద్దని నేను చెప్పను. బాగైనవాళ్లూ ఉన్నారు. చేయించుకోదలచినవాళ్లకు ఒక్క మాట. మొదటిసారి డాక్టర్ దగ్గరికే మీతో కలిసి బతికే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఎన్ని తీస్తారు, వెనక ఎన్ని మిగులుతాయి, మందులు ఎన్నేళ్లు వాడాలి, పదేళ్లకు తల ఎలా ఉంటుంది అని మీ బదులు వాళ్లను అడగనివ్వండి. మనకు వినాలనుకున్నదే వినిపిస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకు మిగతాది కూడా వినిపిస్తుంది.