ఇప్పచెట్ల కాగితంలో నాకు రాని మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఎనిమిదో తరగతికే ఆ పొగరు నెత్తికెక్కింది. అది ఎలా దిగిందో మనవలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజు నవ్వే మనిషి ఒక్కరూ లేరు.

గొల్లపల్లి వైపు మా ఊళ్లో ఇప్పచెట్టు ఎవరి పొలంలో ఉందన్నది లెక్క కాదు, ఎవరింటిదన్నదే లెక్క. పూత రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు ఊడ్చి కాలుస్తారు. ఒకరి చెట్టు పువ్వు ఇంకొకరు ముట్టుకోరు. మా ఐదు చెట్లు అలా పక్క పొలంలో ఉండేవి. ఆ ఏడు వేరే ఊరి రైతొకాయన ఆ పొలం కొన్నాడు. ఆయనకు మా ఆచారం తెలియదు. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఇద్దరు మనుషులతో, గొడ్డళ్లతో వచ్చేశాడు. మాకు సగం ఏడాది ఉప్పూ బట్టా ఆ పువ్వు మీదే. నాన్న వెళ్లి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

“కాగజ్ ఉంటే సూపియ్యి, ఇడిసిపెడ్తా. లేకుంటే జరుగు,” అన్నాడు ఆ రైతు.

కాగితం ఉంది. జమీందారు కచేరీలో మా ముత్తాతకు రాసిచ్చింది, ఇంగ్లీషులో. నాన్న దాన్ని నా చేతిలో పెట్టి “సదువు బిడ్డా” అన్నాడు. ఊరంతా నా నోటివైపే చూస్తోంది. ముత్తాత పేరు, ఆయన వారసులు, ఐదు చెట్లు, అన్నీ గడగడా చదివాను. అంతలో ఒక మాట అడ్డం తగిలింది. యూసుఫ్రక్ట్. అలాంటి మాట ఒకటుందని కూడా నాకు తెలియదు. తెలియదనే అనాల్సింది. అంతమందిలో అది చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. “చెట్లూ నేలా రెండూ మనవేనని రాసుంది” అన్నాను.

నాన్న ముఖం వెలిగిపోయింది. “ఇన్నవా? జమీన్ సుత మాదేనంట!” అని గట్టిగా అరిచాడు. కష్టపడి కొనుక్కున్న నేల నీది కాదంటే ఎవరికి మండదు? ఆ రైతు తన మనిషి చేతిలోని గొడ్డలి లాక్కుని మొదటి చెట్టు మీద వేటు మీద వేటు వేశాడు. నాన్న పరుగెత్తి కత్తి తెచ్చాడు. అమ్మ ఏడుపు లంకించుకుంది. నేను కాగితం వెనక్కి దాచుకున్నాను.

అప్పుడు మా తాతయ్య, అమ్మకు నాన్న, కర్ర పొడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఆయన కొంటా అనే ఊళ్లో ధర్మాసుపత్రిలో కంపౌండరు పని చేసి మానుకున్నవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, మందు సీసాల మీది లాటిన్ మాటలు కంఠతా వచ్చు. సెలవుల్లో ఆ సీసాలు కడిగింది నేనే. కాగితం మళ్లీ చదవమన్నాడు. నేను అక్కడే మళ్లీ ఆగాను. తాతయ్యకు అర్థమైపోయింది. తిట్టలేదు.

“పైపూత సీసా మీద ఊసుస్ అని ఉంటది గదా. ఏంది దానర్తం?”

“వాడుక.”

“ఎండు కాయల డబ్బా మీద ఫ్రుక్తుస్?”

“పండు.”

“రెండూ కలిపి సూడు. అండ్ల నేల ఉన్నదా బిడ్డా?”

నిజం చెబితే నాన్న పరువు పోతుంది. చెప్పకపోతే నెత్తురు కారుతుంది. “లేదు తాతయ్యా,” అన్నాను ఏడుస్తూ. “నాకా మాట తెల్వదు. అబద్దం సెప్పిన. పువ్వు, కాయ ఏరుకొని వాడుకునే హక్కే మనది. నేల ఆయనదే.”

రైతు నాన్న వైపు తిరిగాడు. “నేల నాదని మీ పిల్లే అన్నది. అది సాలు. పువ్వు ఏరుకోండ్రి,” అని గొడ్డలి దించి వెళ్లిపోయాడు. నాన్న నన్ను కొట్టలేదు. మూడు రోజులు పలకరించలేదు. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది.

అప్పటి నుంచి పాత ఇంగ్లీషు మాట కనబడితే విప్పి చూడటం అలవాటైంది. నేరం జరిగినప్పుడు నేనక్కడ లేనని చెప్పుకునే అలిబై అంటే లాటిన్‌లో ‘మరోచోట’. కోర్టు పిలుపు సబ్‌పీనా అంటే ‘శిక్ష కింద’, రాకపోతే శిక్షేనని. ఎక్కడి రోమ్, ఎక్కడి మా ఇప్పవనం! ఇప్పుడు మనవడి ఫోను చిటికెలో అర్థం చెప్పేస్తుంది, అయినా నా సరదా నాది.

వేట్లు పడిన చెట్టు ఆ ఏడు పూసింది. రెండేళ్లకు నిలువునా ఎండిపోయింది. ‘తెలియదు’ అని నేను ముందే చెప్పి ఉంటే ఆ గొడ్డలి లేచేదే కాదు. ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడిగితే, నాకు రాకపోతే, రాదని ముందే చెప్పేస్తాను.