అత్తయ్య దాటనివ్వని పేజీ

మాది పర్చూరు దగ్గర పల్లె. ట్రాక్టరు బోల్తాపడి నా భర్త పోయిన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. కొడుకు శవం ముందు కూడా మా అత్తయ్య కంటతడి పెట్టలేదు. రాతిగుండె మనిషని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఆ వేసవిలో రోజూ మధ్యాహ్నం ఆమె వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు ముచ్చికలు తీసేది. ఆమెకు చదువు రాదు. బిడ్డను పడుకోబెట్టి, పక్కన కూర్చుని నేను నవల చదివి వినిపించేదాన్ని. ఏడుపు నవలలంటే నాకు పిచ్చి. ఒకరోజు కథలో తల్లికి కొడుకు చావు కబురొచ్చింది. ఆ ముక్క పైకి చదవలేకపోయాను. గబుక్కున రెండు కాగితాలు కలిపి తిప్పేశాను.

“ఏందమ్మాయ్, రెండు తిప్పావు? వెనక్కెళ్లి చదువు,” అంది.

చదివాను. తలెత్తి చూస్తే అత్తయ్య చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ మిరప ఘాటు. చేతులు అలాగే గాల్లో పట్టుకుని, చిన్నపిల్లలా మొహం నా వైపు చాపింది. నా కొంగుతో తుడిచాను.

“అప్పుడెందుకు ఏడవలేదు అత్తయ్యా?”

“నువ్వు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పడున్నావు. కడుపులో బిడ్డ. నేనూ పడిపోతే నీకు ముద్ద కలిపి పెట్టేదెవరే?”

నిజమే. ఆ రోజుల్లో నా నోట్లో ముద్ద పెట్టినవి ఆ చేతులే. ఎవరో రాసిన మనుషుల కోసం కాగితాలు తడిపిన నాకు, ఇంట్లో మనిషి దాచుకున్న ఏడుపు కనిపించలేదు.

ఆ నవల చివర ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పేజీ దాటి మేమిద్దరం ముందుకు పోలేదు.