టీకాల ఫ్రిజ్ పక్కన ప్లగ్గు

ఎలక్ట్రిక్ స్కూటర్ నేను ముచ్చటపడి కొనుక్కున్నాను. తెలుగు రాష్ట్రాల సరిహద్దు దాటాక, మరైగూడ వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తున్న నాకు పెట్రోలుతో పెద్ద ఇబ్బందిగా ఉండేది. బంకు దూరం. కిరాణా కొట్లో సీసాల్లో అమ్మేది పోయిస్తే బండి అడవి మధ్యలో ఆగిపోయేది. భద్రాచలంలో స్కూటర్ అమ్మినాయన, "ఫోన్‌కు పెట్టినట్టే చార్జింగ్ పెట్టుకోవాలి మేడం, అంతే" అన్నాడు. అంతే కాబోలనుకుని నేనూ ఇంకేమీ అడగలేదు. బ్యాటరీ విప్పి ఎక్కడికైనా తీసుకెళ్లి చార్జ్ చేసుకునే రకాలు కూడా ఉంటాయట. నాది బండిలోనే బిగించిన రకమని ఇంటికొచ్చాక తెలిసింది.

నా అద్దె గదిలో సాయంత్రమయ్యేసరికి కరెంటు నీరసపడిపోయేది. చార్జర్ మీద లైటు వెలిగేది, ఆరేది. ఒకసారి కొంట ఊళ్లో ఒక హోటల్ ముందు చార్జింగ్ బోర్డు చూసి ఆశగా వెళ్లాను. అది కార్ల కోసం పెట్టింది. దాని ప్లగ్గు నా స్కూటర్‌కు పట్టలేదు.

ఆ ఏడాది మిరప కోతలు మొదలయ్యే ముందు అకాల వాన కురిసింది. చెట్టు కూలి తీగలు తెగాయి. రెండు రోజులుగా ఊళ్లో కరెంటు లేదు. మర్నాడు నేను అడవిలో ఉన్న ఒక పల్లెకు టీకాలు తీసుకెళ్లాలి. స్కూటర్‌లో చార్జింగ్ అడుగంటింది.

ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ మాత్రం సోలార్ మీద నడుస్తోంది. పక్కనే ఖాళీ సాకెట్ ఉంది. సోలార్ అంటే ఎండ ఇచ్చే కరెంటే కదా, కొంచెం వాడుకుంటే ఏమవుతుంది అనుకున్నాను. సాయంత్రం బండిని లోపలికి తోసుకొచ్చి ప్లగ్గు పెట్టి గదికి వెళ్లిపోయాను.

పొద్దున వచ్చి చూస్తే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోయి ఉంది. ఫ్రిజ్‌లో థర్మామీటరు, టీకాలకు హద్దయిన ఎనిమిది డిగ్రీలు ఎప్పుడో దాటేసింది. స్కూటర్‌కు చార్జింగూ సరిగా ఎక్కలేదు. ముందు నేను చేసిన పని, చార్జర్ తీసి సంచిలో దాచుకోవడం. ఆ తర్వాతే డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"కరెంటు లేదు, ఎండా లేదు కద సార్, ఫ్రిజ్ ఆగిపోయింది" అన్నాను.

"ఆ టీకాలు ఒక్కటి కూడా వాడొద్దు. కొత్తవి పంపిస్తాం, ఆగండి" అన్నారాయన.

పల్లెలో తల్లులు ఎదురుచూస్తుంటారు. ట్రాక్టర్ ఎక్కి కొంత దూరం, నడిచి కొంత దూరం వెళ్లాను. అంగన్‌వాడీ ముందు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కరెంటు లేక మందులు పాడయ్యాయని చెప్పాను. తొమ్మిది నెలలు నిండిన ఆడపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి లేచి నిలబడింది.

"ఏంది సిస్టరమ్మా, మీకాడ సోలార్ ఉందంటిరి గద?"

నేను తల దించుకుని రిజిస్టరు తెరిచాను.

"రేపు మేం మిర్చికి పోతున్నం. మల్ల ఎప్పుడొస్తమో."

"అక్కడ కూడా నర్సులుంటారు, వేయించు" అన్నాను. చేలో గుడిసె వేసుకుని ఉండే మనిషి టీకా కోసం ఎక్కడ వెతుక్కుంటుందో నాకు తెలియదు. ఏ ఊరికి వెళ్తున్నారని అడిగితే, మేస్త్రీ ఎటు తీసుకెళితే అటేనంది.

మూడో రోజు మెకానిక్ వచ్చి ఇన్వర్టర్ విప్పాడు. "దీనికి ఏం తగిలించారు దీదీ?" అని హిందీలో అడిగాడు. సంచిలోంచి చార్జర్ తీసి చూపించాను. తల పట్టుకున్నాడు. "ఫ్రిజ్ తాగేది గ్లాసుడు, మీ బండి తాగేది బిందెడు. మబ్బు పట్టి బ్యాటరీలు ముందే సగం ఖాళీ."

ఆ మధ్యాహ్నమే డాక్టరుగారికి మళ్లీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "మొదటి రోజే చెప్పాల్సింది" అని ఆయన ఫోన్ పెట్టేశారు. మెమో వచ్చింది. దానికి బాధపడలేదు. తరువాతి వారం కొత్త టీకాలతో అదే పల్లెకు వెళ్లినప్పుడు అందరూ వచ్చారు, ఆ ఒక్క తల్లి తప్ప. సరిహద్దు అవతల, తెలుగు ఊళ్లలో నాకు తెలిసిన ఇద్దరు నర్సులకు ఫోన్ చేశాను. మిర్చికి వచ్చినవాళ్లు వందల మంది, ఎవరినని వెతకమంటావు అన్నారు.

ఇప్పుడు పిండి గిర్నిలో చార్జింగ్ పెట్టుకుంటున్నాను. వాళ్లకు గట్టి లైను ఉంది. గిర్ని ఆడనప్పుడే పెట్టాలి, రెండూ కలిస్తే వోల్టేజీ పడిపోతుంది. ఇదంతా కొనేముందు ఎవరినైనా అడిగి ఉంటే గంటలో తెలిసేది.

ఎండలు ముదిరాక ఆ తల్లి తానే ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. బిడ్డ చిక్కి సగమైంది. ఒక చెవి కారుతోంది.

"ఆడ అమ్మోరు పోసింది సిస్టరమ్మా. బతికింది."

తట్టు. తొమ్మిది నెలలకు వేసే టీకా దానికే; అది పడి ఉంటే వచ్చేది కాదేమో. కచ్చితంగా చెప్పలేను, కానీ ఆ 'ఏమో' నన్ను వదలడం లేదు.

"ఆ రోజు కరెంటు పోవడం వల్ల కాదు. నా బండికి చార్జింగ్ పెట్టి నేనే పాడుచేశాను" అని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"చెవికి మందిస్తవా?" అంది.

చుక్కల మందు ఇచ్చి, పెద్దాసుపత్రికి చీటీ రాశాను. రెండు రోజుల తర్వాత నేనే వాళ్లతో బస్సెక్కి సుక్మాలోని ఆ ఆసుపత్రికి వెళ్లాను.