తాకని రెండు పిన్నులు

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, సెప్టెంబరు మొదటి వారంలో, న్యూజెర్సీలోని ఒక కౌంటీ వంతెన తనిఖీకి నన్ను టీమ్ లీడర్‌గా వేశారు. రెండు లేన్ల పాత ఉక్కు వంతెన అది. నదికి ఒక పక్క ఊరు, ఇంకో పక్క స్కూలు. మాది చిన్న కన్సల్టింగ్ కంపెనీ. కౌంటీలు మాకు వంతెనలు అప్పగిస్తే, రెండేళ్లకొకసారి చూసి, ఒక్కో భాగానికి సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కు వేసి రిపోర్ట్ ఇచ్చేవాళ్లం. తొమ్మిది అంటే కొత్త వంతెన. నాలుగు అంటే మాకు నిద్ర పట్టదు. టీమ్ లీడర్ సంతకం లేనిదే ఆ రిపోర్ట్ ఆఫీసు గడప దాటదు.

ఈ ఉద్యోగం గురించి అడిగేవాళ్లు ఎక్కువగా లెక్కల గురించే అడుగుతారు. లెక్కలు ఆఫీసులో కూర్చున్నవాళ్లు చేస్తారు. తనిఖీ చేసేవాడికి కావలసినవి కన్ను, చెవి, చేయి. చిన్న సుత్తితో తడితే మంచి ఉక్కు ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది. ప్లెయిన్స్‌బరోలో మా తెలుగు చర్చి మిత్రులు నాకు ‘సుత్తి అన్నయ్య’ అని పేరు పెట్టారు. నేను ఎక్కువ మాట్లాడతానన్న ఎత్తిపొడుపు కూడా అందులో ఉందని నాకు తెలుసు.

ఆ వంతెన బరువు మోసేవి ఐబార్లు. అంటే చివర్లో పెద్ద కన్నం ఉన్న పొడవాటి ఉక్కు పట్టీలు. రెండు పట్టీల కన్నాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వాటిలోంచి మోచేతి లావు ఉక్కు కడ్డీ దూరుస్తారు. దాన్ని పిన్ అంటాం. పిన్ విరిగితే ఆ పట్టీని ఆపేది మరొకటి ఉండదు, వంతెన నదిలో పడుతుంది. అందుకే ఇలాంటి చోట దూరం నుంచి చూస్తే చాలదని రూలు. చేయి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లి, తుప్పు గోకి, తాకి చూడాలి. ఫారంలో ప్రతి పిన్‌కూ ‘హ్యాండ్స్ ఆన్’ అని ఒక గడి ఉంటుంది. తాకితేనే అందులో టిక్ పెట్టాలి.

తాకాలంటే స్నూపర్ కావాలి. వంతెన మీద నిలబడి, అంచు మీదుగా పొడవాటి చేతిని కిందికి వంచి, చివర ఉన్న బకెట్‌లో మనల్ని వంతెన అడుగుకు తీసుకుపోయే లారీ అది. దాన్ని అద్దెకు తెచ్చి, ఒక లేన్ మూయడానికి అనుమతి తీసుకుని పని చేయాలి. ఆ రోజు మా అనుమతి మధ్యాహ్నం మూడింటి వరకే. ఆ తర్వాత స్కూల్ బస్సులు వస్తాయి. రెండున్నరకు పిడుగుల వాన మొదలైంది. పిడుగు చప్పుడు వినబడితే బకెట్‌లో ఉండకూడదు. పైకి వచ్చేశాం. చివరి రెండు పిన్నులు మిగిలిపోయాయి. ఆపరేటర్ లారీ తీసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ స్నూపర్, మళ్లీ అనుమతి అంటే కనీసం వారం. ఎల్లుండి మా ఫ్లైట్. మా ఆవిడ సుగుణ హాస్పిటల్‌లో నర్సు. పెళ్లయి ముప్ఫయ్యేళ్లు నిండాయని బుడాపెస్ట్ ట్రిప్ బుక్ చేసింది. అంతకుముందు రెండుసార్లు నా పని వల్లే క్యాన్సిల్ అయింది. మూడోసారి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వాన వెలిశాక గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో ఆ రెండు పిన్నులనూ చూశాను. బాగానే కనిపించాయి. పాత రిపోర్ట్‌లోనూ బాగానే ఉన్నాయని ఉంది. కార్‌లో కూర్చుని రెండు గడుల్లోనూ టిక్ పెట్టాను. మర్నాడు రిపోర్ట్ మీద సంతకం చేసి పంపాను. నా సర్వీసులో అలాంటి పని చేయడం అదే మొదటిసారి. మొదటిసారి అన్నంత మాత్రాన అది చిన్న తప్పు అయిపోదు.

బుడాపెస్ట్ అందమైన ఊరు. డాన్యూబ్ నది ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. పడమటి గట్టున కొండ, దాని మీద కోట. తూర్పు గట్టున పార్లమెంటు. రెండో రోజు పొద్దున చెయిన్ బ్రిడ్జ్ మీద నడిచాం. సుగుణ రాతి సింహాలకు ఫోటోలు తీస్తోంది. నేను గొలుసు చూస్తున్నాను. పేరుకు గొలుసు గాని, అవి మన ఐబార్లే. అవే పట్టీలు, అవే కన్నాలు, అవే పిన్నులు. వంతెన మధ్యకు వచ్చేసరికి ఆ గొలుసు నడిచేవాళ్ల చేతికి అందేంత కిందికి దిగుతుంది. అలవాటుగా ఒక పిన్ తల మీద చేయి వేసి తడిమాను.

“సెలవులో కూడా డ్యూటీయేనా?” అంది సుగుణ నవ్వుతూ. “ముట్టుకుంటే గాని దేన్నీ నమ్మరు కదా మీరు.”

ఆమె సరదాగానే అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. చేయి వెనక్కి తీసేసుకున్నాను. నా ముఖం చూసి, ఒంట్లో బాలేదేమోనని సుగుణ నా మణికట్టు పట్టుకుని పల్స్ చూడబోయింది. అక్కడే అంతా చెప్పేశాను. ఎందుకు అలా చేశానన్నది దాచాలనుకున్నాను గాని, ఫ్లైట్ తేదీ ఆమెకూ తెలుసు.

సుగుణ నా మణికట్టు వదిలేసి నది వైపు తిరిగింది. ఆమెకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“చూడని బీపీ చూశానని చార్ట్ చేస్తే మా దగ్గర లైసెన్స్ పోతుంది. పేషెంట్ బాగానే ఉన్నా పోతుంది,” అంది. “నా కోసం చేశానని మాత్రం అనకండి. నేను అడగలేదు. ముందు ఫోన్ చేయండి.”

అప్పుడు న్యూజెర్సీలో తెల్లవారుజామున నాలుగు. అత్యవసర నంబరుకు చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పిన్‌కు పగులుందని తెలిస్తే చేసేవాణ్ణి. దాని గురించి నాకు ఏమీ తెలియదు, తెలిసినట్టు రాసి ఇచ్చాను. ఆఫీసు తెరవడానికి మూడు గంటలుంది. తూర్పు గట్టు వెంట నడిచాం. అక్కడ నీటి అంచున ఇనుముతో పోతపోసిన చెప్పుల జతలు వరసగా ఉన్నాయి. యుద్ధకాలంలో యూదులను అక్కడ నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారట. సుగుణ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను వాటిలో దేన్నీ తాకలేదు. నా దిగులు వాటి పక్కన చాలా చిన్నది. అలాగని అది తగ్గలేదు.

ఒంటిగంటకు మా ప్రాజెక్ట్ మేనేజర్ గ్యారీకి ఫోన్ చేశాను. మంచి మనిషి, పదేళ్ల పరిచయం. సెలవు పూర్తి చేసుకుని వచ్చాక ఆ రెండూ చూసేయమని, సవరించిన రిపోర్ట్ పంపుదామని అన్నాడు. ఎవరికీ తెలియదు అన్న మాట పైకి అనలేదు గాని, అర్థం అదే. అప్పటిదాకా రోజుకు రెండుసార్లు స్కూల్ బస్సులు ఆ పిన్నుల మీదుగా పోతాయి. కౌంటీ ఇంజనీరుకు ఇవాళే చెప్పాలని, గ్యారీ చెప్పకపోతే నేనే చెబుతానని అన్నాను. ఆ తర్వాత నా సంతకాన్ని ఎవరు నమ్ముతారని అడిగాడు. రేపే ఫ్లైట్ ఎక్కి వచ్చి నేనే తాకి చూస్తానన్నాను.

“వద్దు,” అన్నాడు గ్యారీ. “ఆ పిన్నుల మీద ఇప్పుడు నీ చేయి పనికిరాదు. ఇంకొకరు చూడాలి.”

ఆయన కోపంతో అనలేదు, రూలు చెప్పాడు. అన్నేళ్ల ఉద్యోగంలో అంత నొప్పి పుట్టించిన మాట నేను వినలేదు.

గ్యారీ చెప్పగానే కౌంటీ ఆ ఉదయమే వంతెన మూసి, అత్యవసరంగా స్నూపర్ తెప్పించే పనిలో పడింది. బస్సులు చుట్టూ తిరిగి వెళ్లాయి. పిల్లలు ఆలస్యమయ్యారని తల్లిదండ్రులు కౌంటీ ఆఫీసు మీద పడ్డారట. మేము బుడాపెస్ట్‌లోనే ఉన్నాం, టికెట్ల ప్రకారం తిరిగాం, మ్యూజియంలో ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. ఫోన్ చేసిన మూడో రోజు సాయంత్రం ట్రామ్ కోసం నిలబడి ఉండగా గ్యారీ మెసేజ్ వచ్చింది. రెండు పిన్నులూ తాకి, అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు. పగుళ్లు లేవు, పైపై తుప్పు మాత్రమే. వంతెన తెరిచారు. సుగుణ నా ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివి, “దేవునికి స్తోత్రం,” అంది. నేనూ అన్నాను. ఆ తర్వాత ట్రామ్ స్టాప్‌లో, అందరి ముందూ, సిగ్గుతో ఏడ్చాను. సుగుణ నా చేయి పట్టుకుంది. వచ్చిన ట్రామ్‌ను వదిలేశాం.

నాకు లైసెన్స్ ఇచ్చిన బోర్డుకు నేనే ఉత్తరం రాశాను. మందలింపు వచ్చింది, రికార్డులో ఇప్పటికీ ఉంది. కంపెనీ రెండేళ్లపాటు నన్ను టీమ్ లీడర్‌గా పంపలేదు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడి కింద రోడ్డు మీద కోన్లు పెట్టాను, అతను బకెట్‌లోంచి చెబుతుంటే నోట్స్ రాసుకున్నాను. చర్చిలో జాన్‌బాబు అనే మిత్రుడు నా మీద జాలితోనే, “పిన్స్ ఫైన్ అని తేలింది కదా అన్నయ్యా, సైలెంట్‌గా ఉంటే అయిపోయేది. కొరివితో తల గోక్కున్నావు,” అన్నాడు. ఆ మాట అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్లకు నేను చెప్పే జవాబు ఇది. ఆ ఫారంలో నేను రెండు మాటలు రాశాను. పిన్నులు బాగున్నాయని ఒకటి, దగ్గరికి వెళ్లి తాకానని ఒకటి. మొదటిది నా అదృష్టం కొద్దీ నిజమైంది. రెండోది అబద్ధం, మొదటిది నిజమైనంత మాత్రాన అది మారలేదు. వంతెన మీద పోయేవాళ్లు పిన్నులను చూడరు, చూసిన మనిషిని నమ్మి పోతారు.

రెండేళ్లు గడిచాక అదే వంతెనకు నన్ను మళ్లీ టీమ్ లీడర్‌గా వేశారు. వాన లేదు. బకెట్‌లో కిందికి దిగి, ఆ చివరి రెండు పిన్నులతోనే మొదలుపెట్టాను. తుప్పు గోకాను, సుత్తితో తట్టాను, అరచేయి ఆనించి చుట్టూ తడిమాను. రెండు గడుల్లోనూ టిక్ పెట్టి వాచ్ చూసుకున్నాను. రెండింటికీ కలిపి పద్నాలుగు నిమిషాలు పట్టింది.