మందు కాగితం అట్టలు

బడిలో అందరూ పాఠాలను ముక్కున పట్టేవాళ్ళు. నేను పుస్తకాన్నే ముక్కున పట్టేదాన్ని. అందుకని వాళ్ళకు మార్కులు వచ్చేవి, నాకు తుమ్ములు వచ్చేవి.

జూన్‌లో కొత్త పుస్తకాన్ని మధ్యకు తెరిచి అందులో ముఖం దాచుకుంటే, జిగురూ సిరా కలిసిన ఆ పచ్చివాసనకు కళ్ళు వాటంతటవే మూతపడేవి. సగం ధరకు కొన్న పాత పుస్తకాలది వేరే రుచి. ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో కిరసనాయిలు, మరోదాంట్లో ఎవరి ట్రంకుపెట్టెలోవో కలరా ఉండల ఘాటు. పాత పుస్తకం వాసన చూస్తే, అంతకుముందు దాన్ని చదివిన పిల్ల ఇంట్లోకి చెప్పకుండా వెళ్ళి వచ్చినట్టుండేది.

మాది బొగ్గుబాయి కాలనీ. వరుసగా క్వార్టర్లు, వాటి వెనక అడవి, ముందు భద్రాచలం బస్సులు పోయే రోడ్డు. నాయన గనిలో మందు గదికి హెల్పరు. మందంటే బొగ్గును పేల్చే మందు. అది వచ్చే పెట్టెల లోపల మైనం పట్టించిన మందపాటి గోధుమరంగు కాగితం పరిచి ఉండేది. ఖాళీ పెట్టెలతో పాటు దాన్నీ కాల్చేయాలని గని కాయిదా. కాల్చే ముందు మంచివి ఏరి, మడిచి, తువ్వాలలో చుట్టుకొని ఇంటికి తేవడం కాలనీ కాయిదా. మా వరుసలో బడికి పోయే ప్రతి పిల్ల పుస్తకానికీ అదే అట్ట. ఎంత వానలో తడిసినా లోపలికి చుక్క దిగదు.

దానికీ ఒక వాసన ఉండేది. తియ్యగా, కాస్త వెగటుగా, బాగా మాగిన అరటిపండులా. నా ముక్కు దాన్నీ వదల్లేదు. సాయంత్రానికల్లా కణతలు పగిలిపోయేవి. తలనొప్పికి మందు వేసుకునే లోకంలో మందుతోనే తలనొప్పి తెచ్చుకున్న ఘనత నాది. అమ్మ దిష్టి తీసేది. నాయన నవ్వేవాడు. "ఆ మందు వాసన కొత్తోళ్ళకు గట్లనే పడది. నీకెందుకే, నువ్వేమన్న బాయిల దిగుతవా?"

ఆ ఏడు బడి తెరిచిన కొత్తలో నా పుస్తకాలన్నిటికీ అట్టలు పడ్డాయి, సగం ధరకు కొన్న సోషల్ పుస్తకానికి తప్ప. ఒకరోజు పొద్దున షిఫ్టుకు పోతూ నాయనే అన్నాడు. "దానికి గూడ ఇయ్యాల తెస్త. బోసిగ ఉంచకు."

ఆ రోజు మధ్యాహ్నమే బడి వదిలారు. నేను ఇంటికొచ్చి సోషల్ పుస్తకంలో ముఖం పెట్టుకొని ఉండగా పక్కింటి అవ్వ గోడ మీదుగా అమ్మను పిలిచింది.

"ఇన్నవా బిడ్డా? బాయిల మందు పోయిందంట. అడివిల అన్నలకు ముట్టిందని పోలీసోళ్ళ అనుమానం. జీపొచ్చింది. ఇల్లిల్లు సోదా చేస్తున్నరు."

"మన ఇండ్లల్ల ఏముంటది అవ్వా?"

"ఏమో. మందు వాసనొస్తే సాలు, మొగోణ్ణి జీపెక్కిస్తరంట."

అమ్మ వెనక్కు తిరిగి నన్ను చూడలేదు, నా పుస్తకాలను చూసింది. మరుక్షణం ఇద్దరం కింద కూర్చొని అట్టలు ఊడదీస్తున్నాం. మైదా పిండి పెట్టి నేనే అంటించినవి, ఒక పట్టాన ఊడలేదు. నేను ఏ పనీ గట్టిగా చేయనని తిట్టే అమ్మ ఆ రోజు ఎందుకింత గట్టిగా చేశావని తిట్టింది.

"పొయ్యిల పెడదామా అమ్మా?"

"మందంటిన కాగితమే, ఇల్లు లేస్తది. సప్పుడు చెయ్యకు."

దొడ్లో బర్రె కుడితి తొట్టి ఉంది. అమ్మ కాగితాలన్నీ అందులో ముంచింది. అవి పైకి తేలాయి. మళ్ళీ ముంచింది, మళ్ళీ తేలాయి. నీళ్ళు అంటని కాగితమని మేం మురిసిపోయింది ఆ కాగితాన్నే. చివరికి రోటి పొత్రం తెచ్చి వాటి మీద పెట్టింది. ఒక మూల మాత్రం మునగక, తవుడు మధ్య గోధుమరంగు నాలుకలా బయటికి చూస్తూ ఉండిపోయింది. పక్క వాకిట్లో బూట్ల చప్పుడు వినిపించింది.

లోపలికి వచ్చింది ఒక జమేదారు, ఇద్దరు జవాన్లు. జవాన్లు బియ్యం డబ్బాలో చేయి పెట్టారు, బొగ్గు కుప్పను లాఠీతో కెలికారు. ఒకడు దొడ్లోకి పోయి తొట్టి దగ్గర నిలబడ్డాడు. కుడితి కంపుకు కావచ్చు, వంగి చూడలేదు. జమేదారు మాత్రం నా ముందు ఆగాడు.

"ఏం సదువుతున్నవు బిడ్డా? పుస్తకమియ్యి."

నా ఒళ్ళో సోషల్ పుస్తకం కింద కొత్త తెలుగు వాచకం ఉంది. ఆయన కొత్తదాన్నే లాగాడు, కాసేపటి క్రితం దాకా మందు కాగితంలో ఉన్నదాన్ని. మధ్యకు తెరిచాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సరిగ్గా నేను పెట్టుకునేట్టే. ఆయన గుండెల నిండా పీల్చాడు, నేను ఊపిరి బిగబట్టాను. అమ్మ చెయ్యి నా భుజం మీద చల్లగా తగిలింది.

"కొత్త పుస్తకం వాసన," అన్నాడు. కొంచెం ఆగి, "అట్టలెయ్యలేదేంది? చినుగుతయ్. పాత పేపరన్న ఎయ్యి," అని పుస్తకం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయనకు తెలిసిందా లేదా అన్నది నాకిప్పటికీ తెలియదు.

వాళ్ళు కాలనీ వదిలిపోలేదు. వరుస మొగదల జీపు అడ్డం పెట్టి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం నిలబడ్డారు. అమ్మ అప్పుడు నెమ్మదిగా అంది. "మీ నాయిన ఇంకో కాగితం తెస్తనన్నడు గదా."

ఎదురుపోయి చెప్పడానికి ఉన్న దారి ఒక్కటే. ఆ దారిలోనే జీపు. ఇద్దరం గడపలో కూర్చున్నాం. సైరన్ మోగింది. రోజూ ఆ కూతకు అమ్మ అన్నం వార్చేది. ఆ రోజు లేవలేదు. నల్లటి ముఖాలతో మనుషులు రోడ్డు మీదికి వచ్చారు. అందరి సంకలోనూ తువ్వాల చుట్ట. జవాన్లు ఒక్కొక్కటే విప్పుతున్నారు, టిఫిన్ డబ్బాలు తెరుస్తున్నారు. నాయన వంతు వచ్చింది. తువ్వాల విప్పగానే మడిచిన కాగితం ఒకటి కింద పడింది.

జమేదారు వంగి తీశాడు. పాత న్యూస్‌పేపరు.

"ఇదేంది?"

"బిడ్డ పుస్తకానికి అట్ట, సార్."

జమేదారు దాన్నీ వాసన చూసి, మా గడప వైపు ఒకసారి చూసి, తిరిగిచ్చేశాడు.

నాయన వెనకే పక్కింటి అవ్వ కొడుకు. మామా అని పిలిచేదాన్ని. ఆయన తువ్వాలలోంచి గోధుమరంగు కాగితం వచ్చింది. ఆయనకూ బడికి పోయే బిడ్డ ఉంది. "అట్ట కోసం సార్, అట్ట కోసం," అంటూనే ఉన్నాడు, జీపు తలుపు వేసేదాకా. జీపు భద్రాచలం రోడ్డు పట్టింది. అవ్వ కొంగు ఎగేసుకుంటూ దాని వెనక కొంతదూరం పోయి ఆగింది.

నాయన ఇంట్లోకి వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు. "నా దగ్గర గూడ ఉండె," అన్నాడు. "లాంపు రూంల దీపం అప్పజెప్తుంటె సోదా మాట చెవిల పడ్డది. తీసి పారేసి క్యాంటీన్ల పేపరడుక్కున్న. వానికి చెప్పుదమంటె జనంల యాడున్నడో కండ్లవడలే."

మామ కొన్నాళ్ళకు తిరిగొచ్చాడు. చిక్కిపోయి, నడుము పట్టుకొని నడుస్తూ. వాళ్ళ పిల్ల ఆ ఏడంతా బోసి పుస్తకాలతోనే బడికి వచ్చింది.

నా సోషల్ పుస్తకానికి ఆ సాయంత్రం నాయనే అట్ట వేశాడు. మడతలు వంకరపోయాయి. ఇచ్చేటప్పుడు అన్నాడు. "సదివేటియి సదువుకో. వాసన సూసుడు బంద్ పెట్టు."

మొదటి మాట సగమే విన్నాను, రెండోది అసలే వినలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. తెరిస్తే ఎవరింటిదో పసుపు, తడిసి ఆరిన పేపరు, బూజు. మందు వాసన దానికి ఎన్నడూ అంటలేదు. అయినా ముఖం దగ్గర పెట్టుకోగానే కణతల్లో ఏదో కదులుతుంది. లేచి వెళ్ళి వాకిట్లోకి చూసొస్తాను.